కాలువ మనల్ని కలిపినంత కాలం

అమ్మలారా, అయ్యలారా,

పనులు మానుకుని, ఇంత ఎండలో వచ్చారు. సంతోషమని అనడానికి నోరు రావడం లేదు. మనమంతా ఇలా ఒకచోట కూర్చుని ఎన్నేళ్లయింది? ఇవాళ కూర్చోవడానికి అక్క పోవలసి వచ్చింది.

ఆమె నాకు తోడికోడలు. మా బావగారి భార్య. మీకందరికీ వంతులక్క. కాలువ నీళ్లు ఏ మడికి ఎప్పుడు పారాలో ఆమె చెబితే అదే ఖాయం, అందుకే ఆ పేరు. అసలు పేరు చెప్పమంటే మీలో సగంమంది తడుముకుంటారు.

అక్క పుట్టింటివాళ్లది మెట్ట సేద్యం. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఎవరి చేను వాళ్లది, ఎవరి గొడవ వాళ్లది. అక్కడినుంచి కాపురానికి వచ్చిన కొత్తలో మనల్ని చూసి హడలిపోయిందట. తుమ్మితే నాలుగిళ్లవాళ్లు వచ్చి అడుగుతారు, వీధిలోకి వస్తే ఎక్కడికని అడుగుతారు, వీళ్లకు వేరే పనేమీ లేదా అని మా బావగారిని నిలదీసిందట. వరినాట్లకు దిగాక ఆమెకు అర్థమైంది. పై మడి నిండితేనే కింది మడికి నీళ్లు. పైవాడు అలిగితే కిందివాడి నారు ఎండుతుంది. అలాంటి చోట పక్కింటివాడి మనసులో ఏముందో కనిపెట్టుకుని ఉండక ఏం చేస్తాం?

గుర్తుందా మీకు, పొడుగాయనా ఆయన తమ్ముడూ గోడ దగ్గర పేచీపడి మాటలు మానేసిన ఏడాది? నీళ్ల కోసం ఎవరికి వారే వచ్చారు. అక్క తూము మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి కాలువలో పూడిక తీస్తేనే లేస్తానంది. చెరోవైపు నుంచి, మొహాలు తిప్పుకుని మొదలుపెట్టారు. మధ్యలో ఎదురుపడక తప్పలేదు. బురదలో తమ్ముడు జారితే అన్న చెయ్యి పట్టుకున్నాడు. మాటలు ఆ రోజే కలిశాయా? లేదు. నీళ్లు పారాయి. అక్క కోరింది అంతే. కోతలనాటికి ఒకరి కళ్లంలో ఒకరున్నారు.

తర్వాత ఎగువన ఏరు ఎండింది. కాలువకు నీళ్లు రాలేదు. అక్క ఇల్లిల్లూ తిరిగింది. అందరం కలిసి ఒక బోరు వేద్దాం, వంతులు నేను చూస్తానని బతిమాలింది. బాగుందన్నాం. ప్రతి ఇంట్లోనూ బాగుందన్నాం. కాదన్నవాడు ఒక్కడు లేడు. చివరికి ఎవరి బోరు వాళ్లు వేసుకున్నాం. బోర్ల వెనకే కంచెలు వచ్చాయి. కంచెల వెనకే ఏం వచ్చిందో మీకు నేను చెప్పాలా?

ఆ రోజుల్లో ఆమెను ఓదార్చబోయాను. మనుషులు మంచివాళ్లే, కాలం చెడ్డదైందన్నాను. అక్క నావైపు చూడకుండా అంది: “మనం మంచివాళ్లమని నేనూ అనుకున్నానే పిచ్చిదానా. మంచిది కాలువ. అది పోయింది. మా పుట్టింటివాళ్లకు ఒంటరిగా బతకడం తరతరాలుగా అలవాటు. మనకు అదీ చేతకాదు.”

 

అంత మాట అన్నా, ఆమె ఏటా వానలకు ముందు పార పట్టుకుని ఎండిన కాలువలోకి దిగేది. ఎందుకక్కా ఈ చాకిరీ అంటే, నీళ్లొస్తే దారి ఉండాలి కదా అనేది. ఈసారి ఎండ దెబ్బకు అక్కడే కూలబడింది. అటూ ఇటూ పొలాల్లో మనవాళ్లున్నారు. కేకేసే ఓపిక ఆమెకు లేకపోయింది. పొద్దు వాలాక, దారి తప్పి అటు వచ్చిన మోటారు మెకానిక్ చూశాడు. ఈ ఊరివాడు కాడు. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు.

ఎవరినీ నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. చూసీ చూడనట్టు పోయినవాళ్లెవరూ లేరు. ఎవరూ చూడలేదు, అంతే. ఒకప్పుడు మడిలో నిలబడితే మన కళ్లు పై మడి మీదే ఉండేవి. నీళ్లు వస్తున్నాయా, గట్టు తెగిందా, పైవాడు వచ్చాడా, రాకపోతే ఎందుకు రాలేదు? ఇప్పుడు నీళ్లు పైపులో మన కాళ్ల దగ్గరికే వస్తాయి. తలెత్తే పనేముంది? రాయిలాంటి మనసులై కాదు, అవసరం లేక చూడడం మానేశాం. నా దుఃఖమంతా అదే. రాతి గుండెలైతే ఎప్పటికైనా కరుగుతాయని ఆశ ఉండేది.

వచ్చే నెలలో కాలువను పూడ్చి రోడ్డు వేస్తారట. ఆపమని అడగమని కొందరు నాతో అన్నారు. ఏ నీళ్ల కోసమని అడగను?

ఇక అక్క కోసం మౌనం పాటిద్దాం, లేవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోండి, అక్క ఏమీ అనుకోదు. మోటార్లు వేసి వచ్చినవాళ్లు కాసేపు ఆ సంగతి మరిచిపోండి. తలలు మాత్రం వంచకండి. తలెత్తి, మీ పక్కన నిలబడ్డది ఎవరో చూడండి. దానివల్ల ఏదీ తిరిగి రాదని నాకు తెలుసు. అయినా, మాట్లాడకుండా, కాసేపు చూడండి.