రెయిలింగుకు అవతల బడి

అది కాదు నాయనా, "శుభ్రం చేశాం" అంటే ఏమిటి? ఇందాక మీటింగులో అంతమంది ముందు తెర మీద ఆ లెక్కల గీత చూపిస్తూ ఎంత తేలిగ్గా అనేశావు. "ఇక్కడొక రోజు గీత పైకి లేచింది చూశారూ, అది కెమెరా లోపమండీ, డేటా శుభ్రం చేశాం" అని. గిన్నెకు అంటుకున్న మాడు గీకేసినట్టు.

కూర్చో. కుర్చీలు బడివాళ్ళు ఎత్తిపెట్టుకుంటారులే. ఆ పటాలు చుట్టడం ఆపి కాసేపు నా మాట విను. నీ ఆఫీసువాళ్ళు వెళ్ళిపోయారు, నిన్ను పొగిడిన ఆ పెద్దమనిషీ వెళ్ళిపోయాడు. ఇప్పుడు నువ్వు నగర ప్రణాళికా అధికారివి కాదు, నా మరిదివి. నేను "స్థానిక నివాసి"ని కాదు, నీ వదినని. బడి హాలు కదా, గట్టిగా అరవనులే. భయపడకు.

ముందు ఈ స్టిక్కర్ల సంగతి చెప్పు. గుమ్మంలోనే నీ దగ్గర పనిచేసే అమ్మాయి నా చేతిలో ఆకుపచ్చ చుక్కలు పెట్టి, "మీ వీధి ఎలా ఉండాలో మీరే నిర్ణయించండి ఆంటీ" అంది. ఎంత మర్యాదో. సరే, నా వీధే కదా అని గోడ దగ్గరికి వెళ్ళాను. ఏమున్నాయక్కడ? పూలకుండీలు, బెంచీలు, గోడల మీద బొమ్మలు. నచ్చినదాని కింద చుక్క అంటించాలట. "నాకు రోడ్డు దాటడం కావాలమ్మా, అదెక్కడ అంటించను?" అన్నాను. "అది ఈ వర్క్‌షాప్ పరిధిలో లేదండీ" అంది. ఆంటీని కాస్తా అండీని అయిపోయాను.

ఏం చేశానా? పూలకుండీల కింద అంటించి వచ్చాను. వేలికి అతుక్కుపోయింది మరి, ఎక్కడో అక్కడ వదిలించుకోవాలి కదా. రేపు నువ్వు రాస్తావు, స్థానికులు పూలకుండీల్ని గట్టిగా కోరుకున్నారు అని.

నవ్వు, నవ్వు. నీకేం.

తర్వాత ఆ పదిహేను నిమిషాల నగరం. బడి, కొట్టు, డాక్టరు, పార్కు, అన్నీ ఇంటి నుంచి పదిహేను నిమిషాల నడకలో ఉండాలన్నావు. ప్రపంచమంతా ఇప్పుడు ఇదే ఆలోచిస్తోందన్నావు. వినడానికి బాగుందయ్యా, కాదనను. నా పక్కన కూర్చున్నావిడ "మీ మరిదిగారా? ఎంత చక్కగా చెబుతున్నారు" అంది కూడా. నేనూ తల ఊపాను. ఊపక ఏం చేస్తాను.

అప్పుడు మా ఇంటిని నడుమ పెట్టి పటం మీద ఒక సున్నా చుట్టావు. బడి ఆ సున్నాలో పడింది. పడదా మరి? మా వంటింట్లోకి బడి గంట వినబడుతుంది. పిల్ల డబ్బా మరిచిపోతే కిటికీలోంచి విసరాలనిపిస్తుంది, అంత దగ్గర. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. ఆ రోడ్డు నడుమ ఇనుప రెయిలింగు. నీ సున్నాకి రెయిలింగు కనబడదు. మా పిల్ల కాళ్ళకు కనబడుతుంది.

ఇంతకీ ఆ రెయిలింగు పెట్టిందెవరు? నువ్వు కాదులే, తెలుసు. మీ కింది అంతస్తువాళ్ళు, ట్రాఫిక్ విభాగం. ఒకే లిఫ్టు ఎక్కుతారు, ఒకే మెషీన్లో కాఫీ పట్టుకుంటారు, ఒకళ్ళతో ఒకళ్ళు మాత్రం మాట్లాడుకోరు. జనం అక్కడ అడ్డంగా దాటేస్తున్నారు, ప్రమాదం అన్నారు. రెయిలింగు పెట్టారు. మంచిదే. దాటడం మానేశాం.

మానేశాక పై అంతస్తు నుంచి నువ్వు దిగావు. స్తంభానికి కెమెరా కట్టి, ఇక్కడ ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టావు. ఎవరూ దాటడం లేదు. కనక దాటే చోటు అక్కర్లేదు. బడి ముందు వేస్తామని మొదట గీసిన తెల్లగీతల్నీ సిగ్నల్నీ పటంలోంచి చెరిపేశావు.

తలుపుకి బయటి నుంచి తాళం వేసి, ఈ ఇంట్లోంచి ఎవరూ బయటికి రావడం లేదు, ఇక తలుపెందుకు అని గోడ కట్టేసినట్టు లేదూ?

ఏమిటీ, డిమాండ్ లేదా? డిమాండ్ రోజూ పొద్దున్నే తల దువ్వించుకుని, షూ వేసుకుని, మా గుమ్మంలో నిలబడి "అమ్మా, పద" అంటుందయ్యా. నీ కెమెరా ఆ స్తంభం మీద ఉంటే దానికెలా తెలుస్తుంది?

నేనెందుకు దాటలేదో నీకు తెలుసు. తెలియనట్టు చూడకు. మా ఇంట్లో ఉండి చదువుకున్నవాడివి, నా సంగతి నీకు కొత్తా? పాలు రెండుసార్లు కాస్తాను, గ్యాస్ కట్టానో లేదో అని మెట్ల మీద నుంచి వెనక్కి వస్తాను. నువ్వే కదా నన్ను వెక్కిరించేవాడివి. ఊరు కాని ఊళ్ళో పిల్లల్ని పెంచుతున్నాను. పిల్ల రోడ్డు మీదికి పరిగెడితే రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చే పిన్నిగారు పక్కింట్లో లేరు. వీధి చివర కొట్టులో కూర్చుని వీడెవరబ్బాయో గుర్తుపట్టే మావయ్య లేడు. బోర్డు మీద ఏం రాసుంటే అదే నాకు పెద్దదిక్కు. దాటరాదని రాసి ఉంది. దాటను.

అందుకే ఇన్నేళ్ళుగా మార్కెట్ మలుపు దాకా పోయి, అక్కడ రెండు సిగ్నళ్ళు దాటి, గోదాముల దగ్గర లారీలు వెనక్కి వచ్చే చోట ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని, మళ్ళీ ఇంత దూరమూ వెనక్కి నడుస్తాను. నడుస్తున్నంతసేపూ బడి గేటు కనిపిస్తూనే ఉంటుంది. గంట కొట్టడమూ వినిపిస్తుంది.

ఇలా బుద్ధిగా చుట్టూ తిరిగాను కాబట్టి నీ లెక్కలో లేకుండా పోయాను. ప్రాణాలకు తెగించి గెంతేవాళ్ళు పదిమంది ఉంటే వాళ్ళ కోసం పరిగెత్తుకొచ్చి సిగ్నల్ పెడతారు. చెప్పిన మాట విన్నవాళ్ళకి పూలకుండీలు.

ఇక ఆ కంప్యూటర్ బొమ్మ చూసి నాకు నవ్వాగలేదు. నగరానికి కవల అన్నావు. ఇళ్ళూ రోడ్లూ బస్సులూ అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, నిజమే. అందులో బుడ్డి బుడ్డి మనుషులు చీమల్లా నడిచిపోతున్నారు. మార్కెట్ మలుపు మీదుగా పిల్లవాడొకడు బడికి చకచకా వెళ్ళిపోయాడు. "చూశారా, పెద్ద తేడా ఏమీ లేదు" అన్నావు. ఆ పిల్లవాడికి షూ లేసు ఊడదా? వాడికి నీళ్ళ సీసా కింద పడదా? మీ అన్న కూతురు నడక నువ్వెప్పుడైనా చూశావా? గోడ మీద నత్త కనబడితే అది ఎక్కడికి వెళుతోందో తేలేదాకా కదలదు. నీ కవల నగరంలో నత్తలు లేవు. పెట్టు, అప్పుడు తెలుస్తుంది తేడా.

నవ్వించడానికి కాదు చెబుతున్నది. పెద్దాడికి మాటిచ్చాను. బడి ముందు సిగ్నల్ వస్తుందిరా, రాగానే చెల్లెల్ని నువ్వే తీసుకెళ్ళు, నేను కిటికీలోంచి చూస్తాను అని. నేను, మాటిచ్చాను. గ్యాస్ కట్టానో లేదో అని వెనక్కి వచ్చే నేను. వాడు అద్దం ముందు నిలబడి రోడ్డు దాటడం అభ్యాసం చేస్తున్నాడయ్యా. చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఇటు చూసి, అటు చూసి, హాల్లోంచి వంటింట్లోకి దాటుతాడు. అది విసుక్కుంటుంది. వీడు వదలడు. "బాబాయ్ పెడుతున్నాడుగా సిగ్నల్" అని బడిలో అందరికీ చెప్పుకున్నాడు.

అందుకే మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు అడిగాను. గుర్తుందా? కూర మళ్ళీ వడ్డించుకుంటూ ఏమన్నావు? "నా చేతుల్లో ఏముంది వదినా, లెక్కలో మనుషులు కనిపించాలి. కనిపిస్తే పెట్టేస్తాం" అన్నావు.

కనిపించాను.

ఆ పైకి లేచిన గీత కెమెరా లోపం కాదు. నేను.

నేనేనయ్యా. నోరు ముయ్యి, ఈగ దూరుతుంది. పిల్లల్ని బడిలో దింపి, ఆ రోజు రెయిలింగు దగ్గరికి వచ్చాను. బండ్లు ఏవీ రాని సమయం చూసి, ఇటూ అటూ చూసి, మళ్ళీ చూసి, రోడ్డు సగం దాటి, రెయిలింగు మీద కాలు వేశాను. ఒక కాలు అటు వెళ్ళింది. రెండో కాలు ఇటే ఉండిపోయింది. గుర్రం ఎక్కినదానిలా దాని మీద కూర్చున్నాను. ఇంతలో బస్సొకటి వచ్చింది. అందులోవాళ్ళంతా ఒక పక్కకు జరిగి చూశారు. డ్రైవరు పాపం మంచివాడు, ఆపాడు. దిగు తల్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను దండం పెట్టాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

ఎన్నిసార్లు దాటానా? అదే చెబుతున్నాను, నీ వదిన దొంగలెక్క రాసే మనిషి కాదు. అంతకు ముందే మా వైపు ఇళ్ళన్నిటికీ వెళ్ళి అడిగాను, బడి ముందు దాటే చోటు పెడితే పిల్లల్ని అటు నడిపిస్తారా అని. నడిపిస్తామన్న ఇళ్ళు ఎన్నో అన్నిసార్లే దాటాను. "చూద్దాంలెండి" అన్నావిడని వదిలేశాను. తిరిగి రావడం కూడా లెక్కలో పడిపోతుందేమోనని, వచ్చేటప్పుడు ప్రతిసారీ మార్కెట్ మలుపు చుట్టూ తిరిగి వచ్చాను. బడి వదిలేదాకా అదే పని. కోటుతో ఒకసారి, కోటు లేకుండా ఒకసారి, మీ అన్నయ్య టోపీ పెట్టుకుని ఒకసారి. ఒకే మనిషి అనుకుని కొట్టేస్తావేమోనని. నాకేం తెలుసు, మనిషే కాదనుకుంటావని.

ప్రమాదం కాదా అంటున్నావా? ప్రమాదమే. మరి ఇంతసేపూ నేను చెబుతున్నదేమిటి?

మీ అన్నయ్యకు తెలియదు. చెప్పకు. కోటు రెయిలింగుకు తగిలి చిరిగిందంటే, ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది అని ఆయన అడగరు కదా, అదొక సుఖం.

ఇప్పుడు నేనడిగేది ఒక్కటే. సోమవారం నీ రిపోర్టు పైకి వెళుతుంది. వెళ్ళాక ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరని నువ్వే అన్నావు, మళ్ళీ కొత్త ప్రణాళిక వచ్చేదాకా. అప్పటికి మా పెద్దాడికి మీసాలొస్తాయి, చెల్లెలి చెయ్యి పట్టుకోమంటే సిగ్గుపడతాడు. కాబట్టి ఆ గీతని శుభ్రం చేయకు. ఉన్నచోట ఉండనీ.

ఏమిటీ, కుదరదా? ఎందుకని?

ఊఁ.

అవునా. ఎవరు దాటారో రాయాలా. రాస్తే అధికారి వదినే దాటిందని తేలుతుంది. అంతే కదా? ఇంట్లోవాళ్ళ చేత రెయిలింగు ఎక్కించి లెక్క పెంచుకున్నాడంటారు. నిన్నీ పనిలోంచి తప్పిస్తారు. నీ స్థానంలో కింది అంతస్తు నుంచి ఎవరో వస్తారు. వాళ్ళు రెయిలింగు ఇంకాస్త ఎత్తు చేస్తారు.

అది నిజమే. నువ్వలా తల వంచుకోకు, నాకు అర్థమవుతుంది. నీకు మనసు లేక కాదు. వాణ్ణి భుజాన వేసుకుని తిప్పినవాడివి.

ఆలోచిస్తే నాదీ దొంగలెక్కే. టోపీ పెట్టుకోకుండా ఉండాల్సింది. పోనీ, ఆ ఇళ్ళవాళ్ళందరినీ ఒకరోజు తీసుకొచ్చి నీ కెమెరా ముందు రెయిలింగు దాటించనా? పిల్లలతో సహా? చెప్పు, అలా అయితే లెక్కలోకి వస్తారా? వస్తారు కదూ. ఎవరి కాలో విరిగితే ఇంకా పెద్ద అక్షరాలతో రాస్తావు. నేను చేయలేను నాయనా. ఆ చేయలేనివాళ్ళ కోసం నీ దగ్గర కెమెరా లేదు.

సరే తీసెయ్. శుభ్రం చెయ్. వాడితో నేనే ఏదో ఒకటి చెబుతాను. సిగ్నల్ తయారీలో ఉందిరా అంటాను. నమ్ముతాడు, బాబాయ్ మీద అంత నమ్మకం వాడికి.

లేదు, కోపం లేదు. కోపం ఉంటే భోజనానికి రమ్మంటానా? పద. పటాలు ఆ సంచీలో పెట్టు. ఆ కిటికీలోంచి చూడు, అదిగో, మా బాల్కనీ. నిన్ను చూసినట్టుంది, పిల్ల చెయ్యి ఊపుతోంది. నువ్వూ ఊపు, పాపం.

అటు ఎటు వెళుతున్నావు? నడవనక్కర్లేదు. మీ అన్నయ్య కారు తెచ్చాను. రేపటి నుంచి పిల్లల్ని కూడా అందులోనే దింపుతాను, నాకు స్టీరింగ్ పట్టుకోవడమంటే భయమైనా సరే. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, నీ స్తంభం కింద నుంచే పోతాను. వచ్చే ఏడు బడి ముందు ట్రాఫిక్ పెరిగిందని తెర మీద గీత చూపిస్తావు చూడు, అందులో నన్ను ఎవరూ శుభ్రం చేయరు.

ఎక్కు. బెల్టు పెట్టుకో.