మీటర్ వైరు బరువు

2024 ఎండాకాలం. నీ నౌకరీ పోయిన ఎండాకాలం. గల్లీల ఒక్కరు సుత నన్ను ఏమీ అనలేదు, అదే నా తక్లీఫ్. నువ్వన్నా తిట్టాలె గద రాధికా! తిట్టుడు ఇడిసిపెట్టి, ఇస్త్రీపెట్టె బాగుచెయ్యి తాతా అని తెచ్చినవ్.

అయితది, అయితది. లేవకు. జెర కూసో.

మే నెల యాదికున్నదా? ఇదే అరుగు కాడ నిలబడి అడిగినవ్. "తాతా, మా మౌలాలి ఫ్యాక్టరీల హాజరు మిషన్ మీ షాపుల చేసిందేనంట గద. నా ఫోన్ల ఏడు యాభై ఎనిమిది అయితే అది ఎనిమిది దాటి మూడు నిమిషాలు చూపిస్తది. నెలల మూడు లేట్లు పడితే తీసేస్తరు" అన్నవ్.

నేనేమన్న? నేనే చెప్త. "మా మిషన్ అబద్ధమాడదు బిడ్డా. నువ్వే పావుగంట ముందు లెవ్వు" అన్న. నవ్విన సుత. నీ పక్కన నిలబడ్డ మీ అత్త సుత నవ్వింది.

పోయిన వారం ఆ మిషన్ మా షాపుకొచ్చింది. మీటలు పనిచేస్తలేవని పంపిండ్రు. మీటలు బాగుచేసి, టైం సరిచేసి, గోడకు పెట్టిన. నాలుగు రోజులకు చూస్తే పదహారు సెకన్లు ముందున్నది. రోజుకు నాలుగు. మూడు నెలలకు ఎంత? ఆరు నిమిషాలు. ఫిబ్రవరిల పెట్టిండ్రు మీ గేటు కాడ. నువ్వే లెక్క చూసుకో.

ఎట్లయితదా? విను. గడియారం లోపల క్రిస్టల్ అని ఉంటది, బియ్యపు గింజంత. అది అదురుతుంటే ఆ అదురును లెక్కపెట్టి మిషన్ టైం చెప్తది. దానికి రెండు దిక్కుల చిన్న చిన్న కెపాసిటర్లు పెడ్తం. క్రిస్టల్ మీద వాటి బరువునే లోడ్ అంటం. లోడ్ ఎక్కువైతే మెల్లగ అదురుతది, తక్కువైతే తొందరగ. సరిగ్గ ఎంత పెట్టాల్నో తయారుచేసినోళ్లే రాసి పంపుతరు. ఒక బుల్లి స్క్రూ ఉంటది, అది తిప్పి కుదురుస్తం.

మీ మిషన్ చేసేటప్పుడు నేను ఆ క్రిస్టల్ కాలికే, అంటే దాని తీగకే, అదురు కొలిచే మీటర్ వైరు ఆనిచ్చి స్క్రూ తిప్పిన. సెకనుకు ముప్పై రెండువేల ఏడువందల అరవై ఎనిమిది అదుర్లు, ఎన్ని ఉండాల్నో అన్నే. ఒక్క అంకె అటు ఇటు లేదు. ఎంత ముద్దుగున్నదో!

కానీ వైరు సుత లోడే కద బిడ్డా. కూరగాయలాయన తూకం మీద చెయ్యి ఆనిచ్చినట్టు. చెయ్యి ఉన్నంతసేపు తూకం సరే. నేను వైరు తీసిన, లోడ్ తగ్గింది, గడియారం ఉరకవట్టింది. వైరు పెట్టి చూస్తే మళ్ల సక్కగనే ఉంటది. పోయిన వారం పదిసార్లు పెట్టి తీసిన. పదిసార్లూ గంతే.

నాకు తెల్వదా అంటవా? అదే చెప్తున్న.

మా దగ్గర యోగిత అని ఇంజనీరు పిల్ల ఉన్నది. జనవరిలనే చెప్పింది. "బ్రహ్మచారి గారూ, క్రిస్టల్ మీద వైరు పెట్టకండి. చిప్ నుంచి వేరే కాలు బయటికొస్తుంది, అక్కడ కొలవండి" అని. "నువ్వు పుట్టకముందు సంది కొలుస్తున్న తల్లీ, నీ కాలేజీ నా కాడ తియ్యకు" అన్న. అందరి ముంగట. ఆ పిల్ల తన బల్ల కాడికి పోయింది.

యాభై ఏండ్లకు రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చినోణ్ణి. కాయిదం మీద నా పేరు నేనే రాసుడంటే నాకు పండుగ. ఆ మిషన్ కాయిదం మీద 'పాస్' అని రాసి, పూర్తి పేరు పెట్టిన.

ఏడుస్తున్ననా? లేదు. ఏడుపు వస్తలేదు. ఏమీ వస్తలేదు. అన్నం సుత ఎవరో తిన్నట్టే ఉంటది.

ఇంకొకటున్నది. మే నెలల నువ్వు అడిగినవ్ చూడు, అప్పుడే యోగిత మాట యాదికొచ్చింది. వైరు ముచ్చట. నువ్వు ఇంకా ఇక్కడ నిలబడే ఉన్నవ్. ఒక్కసారి పోయి చూస్తే అయిపోతుండె. చూస్తే ఆ పాస్ కాయిదం మీద నా పేరు కొట్టెయ్యాలె. అందుకే నవ్విన.

నిన్న మీ ఫ్యాక్టరీకి పోయిన. మేనేజరుకు మొత్తం చెప్పిన. మిషన్ మార్చుకుంటమన్నడు. నీ జాగల జూన్లనే వేరే ఆమెను పెట్టుకున్నరంట. మా సేఠుకు సుత చెప్పిన. ఇకమీద చూసి చెయ్యి అన్నడు, గంతే.

తొమ్మిదేండ్ల నీ నౌకరీ పోయింది. నాది ఉన్నది.