అచ్చం మన గోడకే

జర్మనీలోని కాసెల్‌లో ఆ అద్దె ఫ్లాట్లో దిగి పదకొండు రోజులైనా వంటింట్లో రెండు నీళ్ల గొట్టాలు తప్ప ఏమీ లేవు. క్యాంపింగ్ స్టవ్ మీద సూప్ కలుపుతున్న ఆంకె, నేలమీద చతికిలబడి లెక్కలేస్తున్న మొగుణ్ణి అడిగింది.

"ఎంత తేలింది?"

"అల్మారాలు, పొయ్యి, సింకు, బిగింపు కూలి. తొమ్మిది వేల యూరోలు."

"మన దగ్గరున్నది మూడు వేలు. మిగతాది మీ తాత ఇస్తాడా?"

"గిన్నెలు కడిగే మిషన్ తీసేద్దాం."

"నిన్న సొరుగులు తీసేశావు. రేపు పొయ్యి కూడా తీసేసి పచ్చికూరలు తిందామంటావు. ఖాళీ చేసేటప్పుడు, మనకి ముందు ఇక్కడ అద్దెకున్న ముసలావిడ తన వంటింటి సెట్టంతా పద్దెనిమిది వందలకే ఇస్తానంది కదా!"

"పదిహేను వందలకి దిగమన్నాను. దిగలేదు."

"దిగదు మరి! ఈ దేశంలో అద్దెకున్నవాళ్లు ఇల్లు మారితే వంటింటిని కూడా మోసుకుపోతారని నీకు తెలీదా? స్క్రూలతో సహా విప్పుకుపోయింది. మూడొందలకి కక్కుర్తి పడి..."

"ఆగు తల్లీ. పాత సామాన్ల ప్రకటనల్లో ఒకటి దొరికింది. రెండువేల రెండొందలు. అచ్చం మన గోడకి కొలిచి చేయించినట్టుంది! కిటికీ కింద గట్టుకి పెట్టిన కోత కూడా సరిపోయింది."

ఆంకె ఫోన్ లాక్కుని ఫొటో పెద్దది చేసింది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఫొటోలో కిటికీ బయట ఏముంది?"

"ఏదో ఎర్ర చిమ్నీ."

"ఇప్పుడు తలెత్తి మన కిటికీలోంచి చూడు."

అతను చూశాడు. అదే ఎర్ర చిమ్నీ.

"ఆ ముసలావిడకే ఫోన్ చెయ్యి. ఈసారి బేరమన్నావంటే, స్క్రూలతో సహా నిన్నూ విప్పుకుపొమ్మంటాను."