స్వరూప మేడం క్లాసు నాకొచ్చింది

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు యేసయ్య గారికి, ఈ రోజు రిటైరవుతూ, శాలువాలు వద్దంటూనే బుద్ధిగా కప్పించుకుంటున్న స్వరూప మేడం గారికి, గద్వాల వాళ్లు చాలరన్నట్టు వనపర్తి నుంచి కూడా బస్సెక్కి వచ్చిన ఆమె పాత విద్యార్థులకు, తోటి ఉపాధ్యాయులకు, వెనుక వరుసల్లో గుసగుసలాడుతున్న టెన్త్ పిల్లలకు భానుప్రకాశ్ నమస్కారాలు. మేడం ‘ఏ’ సెక్షన్‌కు ఇంగ్లీషు చెబితే, పక్క గదిలో ‘బీ’ సెక్షన్‌కు చెప్పేవాణ్ని నేను. నా రిటైర్మెంటుకు వనపర్తి నుంచి ఎవరూ బస్సెక్కరని ఇప్పుడే అర్థమైంది. (నవ్వులు) నవ్వకండి, బాధతోనే చెబుతున్నాను.

మనకు ‘చూడు’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో సీ అని, లుక్ అని, వాచ్ అని ఉన్నాయి. ఏది ఎక్కడ వాడాలో పిల్లలకు తోచదు. నేను బోర్డు నిండా రూల్స్ రాసి, బట్టీ పట్టించి, పరీక్ష పెట్టాను. మేడం అదే పాఠానికి పిల్లల్ని వెంటబెట్టుకుని పక్క వీధిలో జమ్ములమ్మ గారి మగ్గం దగ్గరికి పోయారు. నూలు చీరకు పట్టు అంచు కలిసేచోట నేసేవాళ్లు చూపు తిప్పకూడదు కదా, సరిగ్గా అక్కడ నిలబెట్టి, “వచ్చేటప్పుడు తొవ్వల మేక కండ్ల పడ్డది, అది సీ. నేను పిలిస్తే ఇటు తిరిగి చూసిండ్రు, అది లుక్. జమ్ములమ్మ అంచు మీదికెల్లి కన్ను తీస్తలేదు సూడుండ్రి, గది వాచ్” అన్నారట. పాఠం అయిపోయింది.

ఇదంతా నాకు చెప్పింది మా అమ్మాయి సాయిశ్రీ. నా సెక్షన్‌లో వేస్తే అన్నం మానేసి మరీ ‘ఏ’ సెక్షన్‌కు పోయిన పిల్ల అది. ఆ సాయంత్రం నేను నా రూలు చెప్పబోతే, “నీది రూలు నాయినా. మా మేడం చూపెట్టింది” అంది. మేడం, మీ మీద నాకు అసూయ. ఈర్ష్య అన్నా అభ్యంతరం లేదు. (నవ్వులు) మీ పాఠం బాగుందని కాదు. ‘మా మేడం’ అన్నప్పుడు మా పిల్ల మొహంలో ఉన్న వెలుగు నా వైపు ఎప్పుడూ తిరగలేదని.

నేనూ ఊరుకోలేదు. మా బీ సెక్షన్‌ను అదే మగ్గం దగ్గరికి తీసుకుపోయాను. జమ్ములమ్మ గారు నా వెనక్కి తొంగి చూసి, “స్వరూప మేడం రాలేదా సార్?” అని అడిగారు. (సభలో పెద్ద నవ్వులు) అదిగో, మేడం కూడా నవ్వుతున్నారు.

సోమవారం నుంచి మేడం ‘ఏ’ సెక్షన్ కూడా నాకే అప్పగించారు. ఇన్నాళ్లు కోరుకున్నదే, కానీ నిన్నటి నుంచి భయంగా ఉంది. నేను నోరు తెరవగానే “మా మేడం గిట్ల చెప్పలేదు సార్” అని ఎవరో ఒకరు లేస్తారు. లేచేది మా ఇంటి పిల్లే కావచ్చు.

మేడం, ఒక్కటి అడుగుతాను. సోమవారం వచ్చి ఒక్క పీరియడ్ నా క్లాసులో, చివరి బెంచీలో కూర్చోండి. నాకు సాయం చేయొద్దు, ఒక్క మాటా అనొద్దు. నేను చెబుతుంటే మీరు రాసుకోవడం సాయిశ్రీ చూడాలి.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.