టైలర్ సైకిల్ ఎందుకు కొన్నాడు

కాలితో తొక్కే కుట్టుమిషన్ ఆగిపోయి ఉంది. కాలికి కట్టుతో కూర్చున్న టైలర్ ఎదుట, అతని సైకిల్‌ని కారుతో గుద్దిన పెద్దమనిషి తల దించుకుని నిలబడ్డాడు.

"ఇన్సూరెన్స్ వాళ్లెవరూ రాలేదేంటి సార్?"

"రారయ్యా. ఈ ఏడు నేను కట్టలేదు."

"మర్చిపోయారా?"

అవునందామని నోటిదాకా వచ్చింది కానీ, ఆ కట్టు చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

"లేదు. ఇన్నేళ్లు కట్టాను, కారుకి ఒక్క గీత పడితే ఒట్టు. ఊరికే వాళ్లని మేపడం దేనికని మానేశాను. నా బుద్ధి గడ్డి తింది."

"కట్టందే రోడ్డెక్కకూడదంటారు, ఏటికేడు పెంచుతూనే ఉంటారు. మాలాంటివాళ్లకి మోయలేని బరువే సార్."

"నీకేం బరువయ్యా? నీది సైకిలేగా?"

"మొన్నమొన్నటిదాకా నాకూ ఓ పాత కారుండేది సార్. ఈసారి ఇన్సూరెన్స్ కట్టే దారి కనపడలేదు."

"మరి?"

"కట్టకుండా నడిపి ఎవరినైనా గుద్దితే వాళ్ల గతేంటని మా ఆవిడ ఒకటే పోరు. అమ్మేసి సైకిల్ కొన్నాను."

పెద్దమనిషి తల ఇంకాస్త కిందికి వాలింది.

"సర్లెండి సార్, జరిగిందేదో జరిగింది. ఇంత ఎండలో ఎలా వచ్చారు?"

గుప్పిట్లో ఉన్న కారు తాళంచెవిని పెద్దమనిషి మెల్లగా జేబులోకి జార్చుకున్నాడు.