ముగ్సైల్ హోరు

ఖాదర్‌వలి చనిపోయిన మరుసటేడు అతని భార్య మస్కట్‌లో ఇంటిపనికి కుదిరింది. మేడమ్ కుటుంబంతో సలాలా జలపాతాలన్నీ చూసి ముగ్సైల్ సముద్రతీరం చేరేసరికి, బండరాళ్ల బొక్కల్లోంచి సముద్రం హోరుమంటూ పైకి చిమ్ముతోంది. మేడమ్ వాళ్లు ఫొటోలు దిగుతున్నారు. వాళ్ల బండి డ్రైవరు, సలాలాలో ఖాదర్‌వలికి పాత రూమ్మేటే.

"మీ అన్న ఈన్నించే కదా నాకు ఫోన్ చేసేది?"

"అవును వదినా. లేకుంటే దర్బాత్ జలపాతం కాన్నించి."

"ఎప్పుడు చేసినా నీళ్ల మోతే. మాట సగం వినపడేది కాదు. డ్యూటీ మానేసి షికార్లు తిరుగుతాండావా అని తిట్టేదాన్ని. రూమ్ నుంచి చేస్తే ఏం పోయింది?"

అతను చెప్పులకంటిన ఇసుక దులుపుకున్నాడు.

"చెప్పు నాయనా."

"రూమ్‌లో అయితే దగ్గు వినపడతాది వదినా. వింటే నువ్వు ఇంటికి రమ్మంటావని భయం. మిద్దె సగంలో ఉండాది, ఇప్పుడెట్ల పోయేది అనేవాడు. అందుకే తనను ఈడికి పిల్చుకొని రమ్మనేవాడు."

ఆమె నీళ్లు చిమ్ముతున్న రాళ్ల దగ్గరికి పోయి కూర్చుంది.

"తడుస్తాండావు వదినా, బండి కాడికి పోదాం రా."

"కాసేపు ఉండనీ. ఈడ ఏడిస్తే మేడమ్‌కు వినపడదు."