పదకొండు అడుగుల లోతు

నన్ను ఆఫీసులోనూ మా వీధిలోనూ లెవెలమ్మ అంటారు. వయసు ముప్పై ఆరు. మురుగునీటి ప్రణాళిక విభాగంలో సర్వేయర్‌ని. నేల ఎత్తుపల్లాలు కొలవడం నా పని. విచారణాధికారి గారి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ఊరి బయట రెండు వేల ఇళ్ళ కొత్త కాలనీ వచ్చింది. దాని మురుగు పైపు మా వీధి మీదుగా వెళ్ళాలి. మాది పల్లం. పైపు పదకొండు అడుగుల లోతున వేస్తేనే మా ఇళ్ళ మురుగు అందులోకి దిగుతుంది. మూడుసార్లు కొలిచాను. పదకొండు అడుగులే. నా ఆ మాట మీదే మా వీధివాళ్ళు తవ్వకానికి ఒప్పుకున్నారు.

ప్రణాళిక ఇంజనీరు మా అక్క భర్త. నిరుడు మార్చి తొమ్మిది, ఆదివారం, ఉదయం పదిన్నరకు నన్ను వాళ్ళింటికి పిలిచారు. భోజనాల బల్ల మీద లోతు కొలతలు ఎక్కించే లెవెల్ షీటు ఖాళీగా పెట్టి, "సంతకం పెట్టు మరదలా. అంకెలు నీ కొలతల పుస్తకం చూసి నేనే ఎక్కిస్తాను. రేపే ఫైలు పోవాలి" అన్నారు.

"ఖాళీ కాగితం మీదా బావా?" అన్నాను.

అక్క వంటగదిలోంచి, "చాల్లే సంబడం! మీ బావ మీదే అనుమానమా?" అని నవ్వింది. సంతకం పెట్టాను, పుస్తకమూ ఇచ్చాను. నాదే బుద్ధిలేనితనం. పుస్తకం మళ్ళీ నా చేతికి రాలేదు. తవ్వకం రోజుల్లో నన్ను వేరే ఊరి సర్వేకు పంపారు. అదీ ఆయన చలవే.

ఇప్పుడా షీటులో ఆరు అడుగులని ఉంది. లోతుకు వెళ్తే రాయి తగులుతుంది, కాలనీ గడువు దాటుతుంది. అందుకే పైపు పైకి లేపారు. ఈ జూలై ఇరవై రెండున, ఉదయం ఏడింటికి, కాలనీ మురుగు మా స్నానాల గదుల్లోకి ఎగదన్నింది. ఎదురింటి దర్జీ మంచం పట్టిన తల్లిని ఎత్తుకుని వీధిలోకొచ్చి, "నీ మాట నమ్మే కదమ్మా!" అన్నాడు. ఆమె కాళ్ళకు రెండు రంగుల మేజోళ్ళున్నాయి.

కొలత తప్పు నాదేనని బావ మీకు రాసిచ్చారు. తడిగుడ్డతో గొంతు కోశారు. అదే తేలితే నా ఉద్యోగం పోతుంది, మా వీధిలో తలెత్తుకోలేను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడి దాకా ఎందుకు, మా అక్కకు తెలుసు, ఆమెను అడగండి అన్నాను.

అక్క నిన్ననే ఇచ్చిన వాంగ్మూలాన్ని అధికారి గారు చదివి వినిపించారు. ఆ ఆదివారం నేను వాళ్ళింటికి రానే లేదట. రానే లేదట!

"మీ అక్క అబద్ధం చెప్పిందని రాసుకోమంటారా?" అని అడిగారు.

మంచినీళ్ళు అడిగి తాగాను. అమ్మ పోయాక నాకు జడ వేసి బడికి పంపింది అక్కే.

రాయండి అన్నాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. అంతా నిజం.

(సంతకం)